“ఏం కాదు మేడమ్” అనే మాట నాకొద్దు

ఎవరో ఒకరు చెవులు కొరుక్కునేలోపు నేనే చెప్పేస్తా. అవును, బ్రెస్ట్ ఇంప్లాంట్లు పెట్టించుకుందామా అని ఆలోచిస్తున్నా. అవును, నాకు లూపస్ ఉంది, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు. జబ్బున్న మనిషికి కోరికలు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు కదా.

ఈ సంగతి ఇంట్లో తెలిసినప్పటి నుంచి రెండు రకాల మనుషులు నా ప్రాణం తీస్తున్నారు. మొదటి రకం మా చిత్తూరు పెద్దమ్మ. “బిడ్డల తల్లివి, నీకెందుకు మే ఈ సోకులు? ఉండే రోగం చాలదా?” అంటుంది. పెద్దమ్మా, రెండు కాన్పులయ్యాయి, పాలు మాన్పించా, ఆ తర్వాత లూపస్ తిరగబెట్టి మనిషిని సగమయ్యా. గాంధీ రోడ్డులో బ్లౌజుకు కొలతలిస్తుంటే టైలరమ్మ టేపు ఎదకు చుట్టి, పక్కన నలుగురు నిలబడుండంగానే “ముందర లూజు కొడతా ఉండాది, ప్యాడ్ పెట్టేద్దామా అక్కా?” అని గట్టిగా అడిగింది. పాపం ఆమె తప్పేం లేదు, ఆమె పని ఆమె చేసింది. కానీ మే నెల తిరుపతి ఎండలో ఆ ప్యాడ్ల కింద చెమట పట్టి, ఒరిసి, అసలే ఊరికే దద్దుర్లొచ్చే ఒంటితో నేనెట్లా తిరుగుతున్నానో నాకు తెలుసు. నా ఒళ్ళు నాకు నచ్చాలనుకోవడం సోకయితే సోకే అనుకో.

పెద్దమ్మతో ఎట్లో వేగొచ్చు. నాకు భయం రెండో రకంతోనే. వీళ్ళు తిట్టరు, నవ్వుతారు.

చెన్నైలో ఒక కాస్మెటిక్ క్లినిక్‌కు పోయినా. కోఆర్డినేటర్ మన తెలుగు పిల్లే. శాంపిల్ ఒకటి నా అరచేతిలో పెట్టి “నొక్కి చూడండి మేడమ్, నేచురల్‌గా ఉంటుంది” అంది. ఫారంలో ‘ఇతర జబ్బులు’ అన్న గీత మీద ఎస్‌ఎల్‌ఈ అని (లూపస్‌కు డాక్టర్లు పెట్టిన పేరు) రాసి, మందులు కూడా రాశా: హైడ్రాక్సీక్లోరోక్విన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, ఇమ్యూనిటీ తగ్గించే మైకోఫెనొలేట్. గీత చాలక పక్కనుండే ఖాళీలో ఇరికించి రాశా. ఆ పిల్ల చూసి “థైరాయిడ్ లాంటిదే కదా, ఏం కాదు మేడమ్. సిలికాన్ సేఫ్ అని స్టడీలు ఉన్నాయి” అంటూ పేజీ తిప్పి ఈఎంఐ లెక్కలు మొదలుపెట్టింది.

ఉన్నాయమ్మా స్టడీలు. ఎవరి మీద చేశారు? అమెరికాలో అనుమతి కోసం కంపెనీలు చేసిన ట్రయల్స్‌లో లూపస్, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నోళ్ళను చేర్చుకోలేదు. అంటే ఆ ‘సేఫ్’ అనే ముద్ర నాలాంటోళ్ళను బయట నిలబెట్టి వేసింది. 2021 అక్టోబరులో అక్కడ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఇంప్లాంట్ల మీద నల్ల పెట్టెలో హెచ్చరిక తప్పనిసరి చేసింది, ఆపరేషన్‌కు ముందే పేషెంటుతో కూర్చుని చదవాల్సిన చెక్‌లిస్టూ పెట్టింది. ఆటోఇమ్యూన్ జబ్బు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఉంటే ముప్పు ఎక్కువ కావచ్చని అందులోనే ఉంది. నా చేతికి మాత్రం ఈఎంఐ కాగితం ఒక్కటే వచ్చింది.

ఇది చదివి ‘సిలికాన్ విషం’ అని వాట్సాప్‌లో తిప్పే బ్యాచ్ సంబరపడొద్దు. 1992లో అమెరికాలో అందం కోసం సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు వాడటం ఆపేశారు. 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే సంస్థ నిపుణుల కమిటీ అంతా తిరగేసి, ఇవి లూపస్ లాంటి జబ్బులు తెస్తాయనడానికి ఆధారం లేదంది. 2006లో మళ్ళీ అనుమతిచ్చారు. లేని జబ్బు వస్తుందా అన్నది ఒక ప్రశ్న. ఉన్న జబ్బు ఏమవుతుంది అన్నది నా ప్రశ్న. మొదటిదానికి చెప్పిన జవాబు తెచ్చి నాకిస్తే ఎట్లా?

నన్ను నిద్రపోనీయని సంగతి ఇంకోటుంది. ఇంప్లాంట్లు పెట్టించుకున్న కొందరు చెప్పే బాధలు ఏంటంటే నీరసం, కీళ్ళనొప్పులు, మతిమరుపు, దద్దుర్లు. ఆ హెచ్చరికలో కూడా నీరసం, కీళ్ళనొప్పుల మాట ఉంది. ఇవన్నీ నాకు ఇప్పుడే ఉన్నాయబ్బా! రేపు పెట్టించుకున్నాక పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతే అది లూపసా, ఇంప్లాంటా? ఎవరు తేలుస్తారు? లూపస్ ఎంత రేగిందో చూపే కాంప్లిమెంట్, డీఎస్ డీఎన్‌ఏ అనే రక్తపరీక్షల రిపోర్టులు కొంత చెప్తాయి, అన్నీ చెప్పవు. తేలేదాకా ప్రెడ్నిసొలోన్ డోసు పెంచుతారు, మళ్ళీ ముఖం ఉబ్బుతుంది, మళ్ళీ పెళ్ళిళ్ళలో “బాగా ఒళ్ళు చేసినావే” అంటారు. తీయించేశాక నెమ్మదించిందని చెప్పేవాళ్ళు ఉన్నారు. అంటే ఇంకో ఆపరేషన్, ఇంకో మత్తు, స్టెరాయిడ్ల వల్ల మెల్లగా మానే ఇంకో గాయం. ఇన్ఫెక్షన్ పట్టుకుంటే చాలాసార్లు ఇంప్లాంట్‌ను బయటికి తీయాల్సిందే. మైకోఫెనొలేట్ మింగే ఒంటికి ఇది చిన్న మాట కాదు.

ఖర్చు ఒక్కసారితో పోదు. సిలికానయితే లోపల పగిలిందేమో చూడటానికి అయిదారేళ్ళకు ఒక ఎంఆర్ఐయో అల్ట్రాసౌండో, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని ఆ హెచ్చరికే చెప్తుంది. ఈఎంఐ కాగితంలో ఈ లైను లేదు మరి.

క్యాన్సర్‌తో రొమ్ము తీయించుకున్నోళ్ళ లెక్క వేరు, వాళ్ళ జోలికి నేను పోవడం లేదు.

వెల్లూరులో నన్ను చూసే రుమటాలజిస్ట్ (లూపస్, కీళ్ళ జబ్బులు చూసే డాక్టర్) మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. “సేఫ్ అని నేను చెప్పలేనమ్మా. ముందు జబ్బు కొన్నాళ్ళు కదలకుండా ఉండనీ, స్టెరాయిడ్ తగ్గనీ. రక్తం గడ్డలు కట్టే ముప్పు ఉందేమో చెప్పే యాంటీఫాస్ఫోలిపిడ్ టెస్టు చూద్దాం. సర్జన్ నాతో మాట్లాడకుండా కత్తి పట్టుకోకూడదు” అన్నాడు. ఇంత తిరిగితే సూటిగా మాట్లాడిన మనిషి ఈయనొక్కడే.

కాబట్టి ఈ ఏడాదికి చేయించుకోవడం లేదు. పెద్దమ్మా, నువ్వు గెలిచావని ఊరంతా చెప్పుకోవద్దు. రిపోర్టులు చూసి ఆపినా, నీ మాట విని కాదు.

లూపస్, రుమటాయిడ్ లాంటివి ఉండి ఇంప్లాంట్లు పెట్టించుకున్న అక్కలు, చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌కు రండి. మంచయినా చెడయినా ఉన్నదున్నట్టు చెప్పండి, ఏ మందుల మీద ఉన్నారో కూడా చెప్పండి. క్లినిక్ ఏజెంట్లు మాత్రం రావద్దు, బ్లాక్ చేస్తా.