పంచారామాల నుంచి పంచగ్రామాలకు

మన పిల్లలు ఇటలీకి ఎంఎస్ చదవడానికి వెళ్తున్నారని తెలుగునాట ఒక అపోహ పాతుకుపోయింది. బొలోన్యాలో రెండో ఏడాది వెలగబెడుతున్నవాడిగా దీన్ని ఖండించడం నా బాధ్యత. చదువు అనేది సోమవారం నుంచి శుక్రవారం దాకా జరిగే చిన్న కార్యక్రమం. అసలు కోర్సు శనివారం తెల్లవారుజామున 4:40కి, అలారం మోతతో మొదలవుతుంది.

యూరప్‌లోకెల్లా పాత యూనివర్సిటీ 1088లో ఈ ఊళ్ళోనే పుట్టిందంటారు. ఇన్ని శతాబ్దాలుగా చదువులు చెబుతున్న దేశానికి శనివారం కోర్సుకి క్రెడిట్లు ఇవ్వాలని తోచకపోవడం విచారకరం. ఇక్కడ ఒక్క క్రెడిట్ అంటే 25 గంటల శ్రమ. 4:40కి లేచి అర్ధరాత్రి దాటాక 12:15కి గది చేరితే 19 గంటల 35 నిమిషాలు. ఆదివారం మంచం దిగకుండా, ఫోటోల్లో కళ్ళు మూసుకున్నవి ఏరి పారేయడానికి ఐదున్నర గంటలు. మిగిలిన ఐదు నిమిషాలు దేశానికే వదిలేస్తున్నాను.

ఇదేదో విదేశాలకి వెళ్ళాక అంటుకున్న జబ్బని పెద్దలు అనుకుంటే పొరపాటు. ఇది వంశపారంపర్యం. కార్తీకమాసంలో బెజవాడలో ఆర్టీసీ బస్సెక్కితే అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఐదు శివాలయాలూ ఒక్కరోజులో తిప్పి తీసుకొస్తారు. మా అమ్మ ఏడేళ్ళు వరసగా వెళ్ళింది. ఏ గుడి ఎలా ఉంటుందమ్మా అని అడిగితే, "పాలకొల్లులో లైను తొందరగా కదిలిందిరా" అంటుంది. ఆ రక్తమే కదా నాదీ.

అందుకే చింక్వె తెర్రె అనే మాటకి 'ఐదు నేలలు' అని అర్థమని తెలిసిన రోజున నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. సముద్రం ఒడ్డున కొండకి అతుక్కున్న ఐదు ఊళ్ళు: మోంటెరోస్సో, వెర్నాజా, కోర్నీలియా, మనరోలా, రియోమజోరే. 1997లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వంగా గుర్తించారు. పంచారామాల వాళ్ళం, మాకు చూడగానే లెక్క కుదిరింది. పార్మాలో రైలు మారి, లా స్పెజియాలో దిగి, మళ్ళీ ఎక్కి, ఊరికి నలభై నిమిషాల చొప్పున ముహూర్తం పెట్టుకున్నాం. ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణం నాలుగైదు నిమిషాలే, అదీ చాలావరకు సొరంగంలో. చీకట్లోంచి వెలుగులోకి రావడం, ఫోటో తీయడం, మళ్ళీ చీకట్లోకి పోవడం. గర్భగుడి అనుభవం అంటే ఇంతకన్నా ఏముంటుంది?

మనరోలాలో ఒక మలుపు దగ్గర నిలబడితే రంగురంగుల ఇళ్ళన్నీ ఒకే ఫోటోలో పడతాయి. అక్కడ ధర్మదర్శనం క్యూ. నా వంతు వచ్చి, చేతులు చాపి, నవ్వు సిద్ధం చేసుకునేలోగా వెనకాల ఒకావిడ ఏదో అంది. ఏ భాషో తెలీదు గానీ 'జరగండి జరగండి' అనే అర్థం మాత్రం స్పష్టంగా వినిపించింది. కోర్నీలియా ఒక్కటే కొండ నెత్తిన ఉంది. స్టేషన్ నుంచి 380 దాకా మెట్లు. మా రూమ్మేట్ సగంలో కూలబడి "ఇక్కడ డోలీలు ఉండవా?" అన్నాడు. రియోమజోరే, మనరోలాల మధ్య సముద్రం అంచున 'ప్రేమ బాట' ఉంది. 2012లో కొండచరియ విరిగిపడి మూసేస్తే 2024లో గానీ తెరవలేదు. నలుగురు మగవాళ్ళం, ప్రేమ బాటకి టికెట్ దండగని రైలెక్కేశాం.

యాత్రకి ముహూర్తబలం ముఖ్యం. మనకి రాహుకాలం ఉన్నట్టే ఇక్కడ షోపెరో ఉంది, అంటే సమ్మె, ముఖ్యంగా రైళ్ళది. అదీ పంచాంగంలాగే ముందుగా ప్రకటిస్తారు. పనిరోజుల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మాత్రం కొన్ని రైళ్ళు తప్పక నడుపుతారు, అవి శుభఘడియలు. ఆ ఘడియలు దాటిపోతే ఇంట్లో పప్పు వండుకుని పడుకోవడమే. ఇక లోకల్ రైళ్ళ కాగితం టికెట్‌ని ఎక్కేముందు స్టేషన్‌లో మిషన్ నోట్లో పెట్టి ముద్ర వేయించకపోతే, డబ్బులిచ్చి కొన్న టికెట్టుకి కూడా జరిమానా. హుండీలో వేసినా అర్చన చీటీ చింపించుకోలేదని బయటికి పంపినట్టు.

వెనిస్ సంగతి వేరు. 2024 నుంచి రద్దీ రోజుల్లో ఒక్కరోజు చూసిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము మొదలెట్టారు, పొద్దున 8:30 నుంచి సాయంత్రం 4 దాకా. మేం 4:05కి దిగాం. గొండోలా అనే పడవలో షికారు అరగంటకి 90 యూరోలు. యూరోని ఉజ్జాయింపుగా వంద రూపాయలనుకుంటే రెండు సున్నాలు తగిలించుకుని ఏడవడం సులువు. అయితే పెద్ద కాలువని అడ్డంగా దాటించే గొండోలా కూడా ఉంది, 2 యూరోలే. ప్రయాణం రెండు నిమిషాలు. స్టేటస్ వీడియో పదిహేను సెకన్లు. ఇంకా మిగిలింది.

తిండి విషయంలో మాత్రం భయభక్తులతో మెలగాలి. హోటల్లో కుర్చీలో కూర్చున్న పాపానికి తలకి రెండో మూడో యూరోలు వేస్తారు. అందుకని డబ్బాలో పులిహోర తీసుకెళ్తాం. 2019లో ఇద్దరు జర్మన్లు వెనిస్‌లోని రియాల్టో వంతెన మెట్ల మీద స్టవ్ పెట్టి కాఫీ కాచుకుంటే 950 యూరోల జరిమానా వేసి ఊళ్ళోంచి పంపేశారు. మా దగ్గర స్టవ్ లేదు, నిజమే. కానీ ఇంగువ వాసన పోలీసులకి ఏ సెక్షన్ కింద కనిపిస్తుందో ఎవరికి తెలుసు? సందులో గోడవైపు తిరిగి నిలబడి, పల్లీలు నమలకుండా మింగాం.

పీసా టవర్ దగ్గర వీడియో కాల్‌లో అమ్మమ్మ తగిలింది. "ఫోను తిన్నగా పట్టుకోరా" అంది. తిన్నగానే ఉందని చెబితే, "మరి కట్టేవాడు చూసుకోలేదా?" 1173లో మొదలెట్టారు అమ్మమ్మా, మూడు అంతస్తులు లేచేసరికే ఒరిగింది, అయినా దాదాపు రెండొందల ఏళ్ళు కట్టారు అన్నాను. 1990లో మూసి, పదకొండేళ్ళు మరమ్మతు చేసి, కాస్త లేపి, మిగతా ఒంపు అలాగే ఉంచారనీ చెప్పాను. "తెలివైనోళ్ళు," అంది. "తిన్నగా నిలబెడితే నువ్వెళ్ళేవాడివా?"

బంధువులు పారిస్ ఎప్పుడని అడుగుతుంటారు. రెసిడెన్స్ కార్డు చేతికొచ్చేదాకా దానికి దరఖాస్తు పెట్టినప్పుడు పోస్టాఫీసు ఇచ్చిన రసీదే మాకు దిక్కు. వీసా గడువు తీరాక ఆ రసీదుతో ఇటలీలో ఉండొచ్చు, పక్కనే ఉన్న ఫ్రాన్స్‌లో మాత్రం కాలు పెట్టకూడదు. కాబట్టి మా దేశభక్తి మొత్తం ఇటలీకే.

నిన్న ఆదివారం గదిలో ఫోటోలు ఏరుతుంటే అమ్మ వీడియో కాల్ చేసింది. ఐదు ఊళ్ళలో ఏది బాగుందని అడిగింది. కోర్నీలియాలో మెట్లు ఎక్కువని చెప్పాను. ఆవిడ నా మాట వినకుండా వెనక కిటికీలోకి చూస్తోంది.

"ఆ కొండ మీద గుండ్రంగా కనిపిస్తోందే, ఏమిట్రా అది? కింద నుంచి మండపాల్లాంటివి కూడా ఉన్నాయి."

"శాన్ లూకా చర్చి అమ్మా. 666 తోరణాల వసారాట, నాలుగు కిలోమీటర్లు కొంచెం తక్కువ."

"వెళ్ళావా?"

"ఊళ్ళోదే కదమ్మా," అన్నాను.