రామాపురం వాస్తవ్యులు

మన రాష్ట్రంలో అత్యధిక జనాభా గల గ్రామం ఏది అని రేపు ఏ గ్రూప్స్ పరీక్షలోనైనా అడిగితే తడుముకోకండి. రామాపురం. ఏ మండలమో తెలియదు, ఏ జిల్లానో తెలియదు. కానీ నాలుగో తరగతి చదివే పిల్లలంతా అక్కడే కాపురం. ఊరి పక్కన ఏరు పారుతుంది. ఊరి మధ్యలో మర్రిచెట్టు. ప్రజలు ఐకమత్యంగా ఉంటారు. ఉండక చస్తారా, గైడులో అలాగే ఉంది మరి.

ఈ ఊరి సంగతి నాకు మా మేనకోడలి నోట్సు వల్ల తెలిసింది. హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేటు బడి, పేరెందుకు లెండి. ప్రశ్న: ‘మీ ఊరి గురించి సొంత మాటల్లో రాయండి.’ పిచ్చిది, ప్రశ్నను నమ్మింది. ఇలా రాసింది:

‘మాకు రెండు ఊళ్లు. ఒకటి నానమ్మ ఉండే ఊరు. ఇంకోటి మేం కిరాయికుండే ఊరు. కిరాయి ఊర్లో ఏరు లేదు, ట్యాంకర్ వస్తది. హారన్ వినపడితే అమ్మ పొయ్యి బంద్ చేసి ఉరుకుతది.’

నేనైతే ఆ పేజీకి ఫ్రేము కట్టించేవాణ్ణి. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసింది. ‘కిరాయి’ కొట్టేసి ‘అద్దె’. ‘ఉరుకుతది’ కొట్టేసి ‘పరుగెత్తును’. ట్యాంకర్ మీద అడ్డంగా ఒక గీత, దాంతో ఆ వీధికి నీళ్లు కూడా ఆగిపోయాయి. అయిదుకు ఒకటిన్నర మార్కులు. కింద ఒక సలహా: ‘సొంతంగా రాయకు. నోట్సులో ఇచ్చింది రాయి.’

పైన ‘సొంత మాటల్లో రాయండి’, కింద ‘సొంతంగా రాయకు’. ఈ రెండు గీతల మధ్య మిగిలిన జాగాలో మన పిల్లలు మాతృభాష నేర్చుకోవాలి.

పేరెంట్స్ మీటింగుకి మా అక్కకి వీలుకాక నన్ను పంపింది. బల్ల మీద నోట్సుల కట్ట ఉంది. టీచరమ్మ వచ్చేలోపు నాలుగు తిరగేశాను. ఆటో నడిపే ఆయన కొడుకు, మా ఊరు రామాపురం. బీహార్ నుంచి వచ్చిన వాచ్‌మన్ కూతురు, మా ఊరు రామాపురం. అందరి స్నేహితుడి పేరూ రవి. రవి రోజూ ఉదయాన్నే లేచి పళ్లు తోముకుంటాడు, పెద్దలను గౌరవిస్తాడు. ఒక్కడు నలభై మందికి స్నేహితుడై, అందరి ఇళ్లకూ తిరుగుతూ, ఇన్ని పళ్లు ఎప్పుడు తోముకుంటున్నాడో. ఇష్టమైన పండుగ అందరికీ సంక్రాంతి. రంజాన్‌కి క్లాసంతా షీర్ కుర్మా పంచిన పిల్లకి కూడా సంక్రాంతే. ముంగిట్లో గొబ్బెమ్మలు పెడుతుందట, మూడో అంతస్తులో.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ‘పిల్లలందరికీ ఒకటే జవాబేంటండీ?’ అంటే ఆయన నొచ్చుకున్నారు. ‘అలా అనకండి సార్, మా దగ్గర డిఫరెన్షియేటెడ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంది’ అన్నారు. తెలుగులో విభిన్న బోధన. అమెరికాలో క్యారల్ ఆన్ టామ్లిన్సన్ అనే ప్రొఫెసర్ ఈ మాటకి బాగా ప్రచారం తెచ్చారు. ఒకే తరగతిలో కూర్చున్నా పిల్లలందరూ ఒకే చోట ఉండరు కాబట్టి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, నేర్చుకున్నది పిల్ల ఎలా చూపించాలి అనేవి పిల్లను బట్టి మార్చుకోమంటారు. మంచి మాట. మన ప్రిన్సిపాల్ గారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చూడండి.

క్లాసులో మూడు గ్రూపులు. లోటస్, రోజ్, సన్‌ఫ్లవర్. లోటస్ వాళ్లు రామాపురం గురించి పది వాక్యాలు రాయాలి. రోజ్ వాళ్లకి అయిదు చాలు. సన్‌ఫ్లవర్ వాళ్లకి ఖాళీలు: ‘మా ఊరి పేరు రామా______.’ అయిపోయింది, విభిన్న బోధన. ఏరు అదే, మర్రిచెట్టు అదే, ఐకమత్యం అదే. పిల్లవాడి స్థాయిని బట్టి పురం ఒక్కటే ఇవ్వడం, మానడం.

‘మరి క్రియేటివిటీ?’ అన్నాను. గోడ మీద చార్టు చూపించారు. నలభై మర్రిచెట్లు, నలభైకీ ఒకటే ఆకుపచ్చ. ఒకటి మాత్రం ఊదా రంగులో ఉంది. దాని కింద ‘సరిచేసుకో’ అని రాసి ఉంది.

టీచరమ్మను నేనేమీ అనను. వారానికి ఎన్ని నోట్సులు దిద్దుతుందో, నెలకి ఎంత ఇస్తారో అడిగి తెలుసుకున్నాక నాకే సిగ్గేసింది. నలభై మందీ ఒకటే రాస్తే దిద్దడం తేలిక. నలభై ఊళ్లు రాస్తే నలభై ఊళ్లూ చదవాలి, ఆ జీతానికి.

నా వెటకారమంతా దిగిపోయింది ఇంకోచోట. బయటికి వస్తుంటే వరండాలో ఒక సన్‌ఫ్లవర్ కూర్చుని ఉన్నాడు. రాత చూస్తే ముత్యాలే. ‘భలే రాశావురా, చదువు’ అన్నాను. ‘మా ఊరి పేరు రామాపురం. మా ఊరి పక్కన ఏరు పారుతుంది’ అని గడగడా చెప్పాడు. చూపు మాత్రం పుస్తకం మీద లేదు. నేను మధ్యలో ‘ఏరు’ మీద వేలు పెట్టి, ఇదేంటి అన్నాను. నా మొహం కేసి చూశాడు. ‘మర్రిచెట్టు’ అన్నాడు.

నాలుగేళ్లుగా వాడు బొమ్మలు గీస్తున్నాడు. మనం వాటిని అక్షరాలు అనుకుంటున్నాం. ప్రతి పేజీ కింద ‘గుడ్’ ఉంది, టిక్కు ఉంది, సంతకం ఉంది. వాడికి చదవడం రాదని ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. వాడి సొంత మాట ఒక్కటి, ఒకే ఒక్క తప్పుల తడక వాక్యం రాయమని ఉంటే మొదటి ఏడాదే బయటపడేది. ఆ తప్పుని కూడా వాడి దగ్గర ఉండనివ్వలేదు. ఫీజు మాత్రం మూడు టర్ములూ ముక్కుపిండి వసూలు చేశారు. ఇది మోసం కాకపోతే ఏది మోసమో నాకు చెప్పండి.

వాడు ఒక్కడే అనుకుంటున్నారా? పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివించే అసర్ సర్వే ఒకటుంది. 2024లో దేశం మొత్తం మీద అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 48.8 శాతం. మిగతా వాళ్లంతా ఏం చేస్తున్నారయ్యా అంటే, ఐకమత్యంగా ఉంటున్నారు.

నాకు తెలిసిన ఒక సర్కారు బడి పంతులు ఉన్నాడు. చట్టం ప్రకారం అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. రెండోవాడు సెలవు పెడితే అయిదూ ఈయనవే. విభిన్న బోధన అన్న మాట వినకముందు నుంచే చేస్తున్నాడు, గత్యంతరం లేక. ఏ తరగతి అని చూడడు. అక్షరాలు రానివాళ్లు ఒక మూల, మాటలు వచ్చినవాళ్లు ఇంకో మూల. బస్సు టికెట్లు, బీడీ కట్టల మీది కాగితాలు, సబ్బు కవర్లు, చదవడానికి అవే. ‘బ’ అంటే బంతి అని పుస్తకంలో ఉంటే, పిల్ల ‘బర్రె’ అంది. ‘అయితే బర్రె బొమ్మే వెయ్యి’ అన్నాడు. 2022లో తొలిమెట్టు అని, పిల్లలకి చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే సర్కారు కార్యక్రమం వచ్చాక పైవాళ్లు ఇదే పద్ధతి పాటించమన్నారు, సంతోషించాడు. ఇప్పుడు పాఠం అయ్యాక దాన్ని ఫొటో తీసి పంపుతున్నాడు. బర్రె ఫొటోలో సరిగ్గా పడలేదని మళ్లీ తీయమన్నారట.

మొన్న మా మేనకోడలు చదువుకుంటోంది. ఈసారి ‘మీ అమ్మమ్మ గురించి సొంత మాటల్లో రాయండి’. నోట్సులో అమ్మమ్మకి తెల్ల జుట్టు, చేతికర్ర, రోజూ రాత్రి నీతికథలు చెబుతుంది. అసలు అమ్మమ్మ పక్క గదిలో తలకి రంగు వేసుకుని, అది ఆరేదాకా సీరియల్ చూస్తోంది.

‘అమ్మమ్మ జుట్టు నల్లగా ఉంది కదా మామయ్యా, తెల్లగా అని రాయాలా?’ అంది.

మర్నాడు యూనిట్ టెస్టు. రాయమ్మా అన్నాను.