పిన్ తిరగేసి కొడితే పోలీసులు రారు

రాత్రిపూట కారులో వెళ్లేవాళ్లకి హెచ్చరిక అంటూ ఒక మెసేజ్ ఏళ్ల తరబడి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద పోలీసుల పేరు కూడా ఉంటుంది. అందులోని మాటలు ఇవి: ముందద్దం మీద దొంగలు గుడ్లు కొడితే ఆగొద్దు, వైపర్ వేయొద్దు, వేస్తే గుడ్డూ నీళ్లూ కలిసి పాలలా మారి 92.5 శాతం చూపు మూసుకుపోతుంది. వెనకద్దానికి కాగితం అంటించి ఉంటే కారు దిగొద్దు, దిగితే కారు ఎత్తుకుపోతారు. ఏటీఎంలో దొంగ బెదిరిస్తే పిన్ తిరగేసి కొట్టండి, డబ్బూ వస్తుంది, పోలీసులకు కబురూ వెళ్తుంది. చివరికి, అందరికీ పంపండి, పోయేదేముంది?

పంపేవాళ్ల మనసు మంచిదే. కానీ వీటిలో ఒకటి మనవాళ్ల ప్రాణం మీదికే తెస్తుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

పిన్ తిరగేస్తే పోలీసులకు తెలిసే ఏర్పాటు మన ఏటీఎంలలో లేదు. ఆలోచన మాత్రం ఒకప్పుడు నిజంగానే పుట్టింది. 1990లలో అమెరికాలో ఒకాయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇది పనికొస్తుందేమో పరిశీలించమని అక్కడి 2009 క్రెడిట్ కార్డు చట్టం వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి అప్పగించింది. 2010లో కమిషన్ నివేదిక ఇచ్చేనాటికి అక్కడి ఏటీఎంలలో కూడా ఇది అమల్లో లేదు. చిక్కులు పైకే కనిపిస్తాయి. 1221, 7337 లాంటి పిన్‌లను ఎటు నుంచి కొట్టినా ఒకటే. పైగా మెడ మీద కత్తి ఉన్నప్పుడు అంకెలు తిరగేసుకోవడం ఎంతమందికి సాధ్యం?

అసలు జరిగేది ఇది. మీ పిన్ 2846 అనుకోండి. 6482 కొట్టారు. మెషీన్‌కి అది తప్పుడు పిన్, అంతకుమించి ఏమీ కాదు. తెర మీద ఆ మాటే పడుతుంది, పక్కనున్నవాడూ చదువుతాడు. మెసేజ్‌ని నమ్మి మళ్లీ అదే కొడతారు. మూడు తప్పులకి కార్డు ఆగిపోతుంది. డబ్బు రాలేదు, మీరు కావాలనే ఆడిస్తున్నారని వాడికి అర్థమైపోయింది, వచ్చేవాళ్లెవరూ లేరు. కత్తి పట్టుకున్నవాడికి అడిగింది ఇచ్చేయండి. వాడు కనుమరుగయ్యాక 112కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించండి. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు.

గుడ్ల విషయానికొస్తే, తెల్లసొనతో మరకలు పడతాయి, అది జిడ్డుగా సాగుతుంది, నిజమే. అద్దమంతా పాలలా కమ్ముకోదు, నాలుగుసార్లు నీళ్లు కొట్టి వైపర్ ఆడిస్తే చాలావరకు పోతుంది. 92.5 శాతం ఎవరు కొలిచారో ఏ మెసేజ్‌లోనూ ఉండదు. చీకట్లో ఆగొద్దన్న సగం మాత్రం సరైనదే. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందున్న లారీ కనపడనప్పుడు వైపర్ వేయకుండా నడపమనడం దొంగకంటే పెద్ద ప్రమాదం. వైపర్ వేసుకోండి, వేగం తగ్గించండి, పెట్రోలు బంకో టోల్ గేటో వచ్చేదాకా పోనివ్వండి.

వెనకద్దం మీది కాగితం కథ అమెరికా నుంచి వచ్చింది. మన ఊళ్లలో దొంగకి ఎక్కువగా కావలసింది కారు కాదు, సీటు మీది బ్యాగు. "సార్, బానెట్ కింద ఆయిల్ కారుతోంది" అంటాడొకడు, లేదా నాలుగు పది రూపాయల నోట్లు కింద పడేసి "మీవేనా?" అంటాడు. మీరు అటు వంగేలోపు రెండోవాడు ఇటు తలుపు తీస్తాడు. ఢిల్లీలో అద్దం తట్టి ఇదే చేసేవాళ్లకి ఠక్‌ఠక్ గ్యాంగ్ అని పేరు. బ్యాంకులో డబ్బు తీసుకుని బయటికొచ్చేవాళ్ల వెంట పడేదీ ఇలాంటివాళ్లే. స్కూటర్ డిక్కీలో డబ్బు పెట్టి టీకి ఆగడం అన్నిటికంటే ప్రమాదం. తలుపులు లాక్ చేసుకోండి, బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకోండి.

ఆ మెసేజ్ మీద నాకున్న అసలు కోపం వేరే. మన అమ్మలకి, అత్తలకి నిజంగా ఎదురయ్యే దొంగతనం గురించి అందులో ఒక్క ముక్క లేదు. 2023 జనవరిలో ఒక శనివారం ఉదయం హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి రాంగోపాల్‌పేట దాకా వరసగా ఆరు చోట్ల గొలుసులు తెంపుకుపోయారు. బైకు మీద వెనక నుంచి వస్తారు, లేదా అడ్రస్ అడుగుతూ పక్కన ఆపుతారు. ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా రోడ్డుకి కుడివైపు నడవాలి. తెంపేటప్పుడు గొలుసు పట్టుకుని పెనుగులాడకూడదు, బైకు ఈడ్చుకుపోతుంది.

ఇంకో రకం మరీ మెత్తగా జరుగుతుంది. "అమ్మా, మేం పోలీసులం. ముందు వీధిలో గొడవ జరిగింది, ఇన్ని నగలతో వెళ్తారా? తీసి ఇవ్వండి, పొట్లం కట్టి ఇస్తాం." కళ్లముందే కాగితంలో చుట్టి చేతిలో పెడతారు. ఇంటికొచ్చి విప్పితే గులకరాళ్లు. ఏ పోలీసూ రోడ్డు మీద నగలు తీయించడు. పెద్దవాళ్లకి ఫోన్ చేసి చెప్పాల్సిన మాట ఇది.

జరిగాక ఏ స్టేషన్ పరిధి అని చూసుకోనక్కర్లేదు. దగ్గరున్న స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు, దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లాక్కుపోవడం 304 సెక్షన్ కింద ప్రత్యేక నేరం, మూడేళ్ల దాకా శిక్ష. లాక్కుపోయింది ఫోనైతే ఫిర్యాదు కాపీతో ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించండి. అందుకు కావలసిన ఐఎంఈఐ, అంటే మీ ఫోన్ గుర్తింపు నంబరు, ఆ ఫోన్‌లో *#06# కొడితే కనపడుతుంది, ఈ రోజే రాసిపెట్టుకోండి.

పంపితే పోయేదేముంది అన్న మాటకి జవాబు 2018లోనే దొరికింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లు తెలుగు రాష్ట్రాల్లోనూ మనుషుల్ని చంపించాయి. ఆ జులైలో హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాకి కారులో వెళ్లిన స్నేహితులు దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. వాళ్లు కిడ్నాపర్లని వాట్సాప్‌లో పాకింది, తర్వాతి ఊళ్లో దారికి అడ్డంపెట్టి కొట్టారు, ఒక యువ ఇంజనీరు చనిపోయాడు. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసుల్ని పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఈ పుకార్లని ఆపాల్సి వచ్చింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది.

మీ గ్రూపులో ఆ మెసేజ్ ఉంటే పంపినవాళ్లని ఏమీ అనకండి. దాని కిందే మూడు ముక్కలు రాయండి: పిన్ తిరగేయకండి, రోడ్డు మీద ఎవరడిగినా నగలు తీయకండి, ఆపదలో 112.