అనుమానమనే మాటకు జరుగుతున్న అన్యాయం

తిరుపతిలో మా వీధిలోని ఒక ఇంట్లో చెవి కమ్మలు కనిపించకపోతే, సాయంత్రంలోగా వీధి వీధంతా అక్కడ పాచిపని చేసే ఆమెనే దొంగగా తేల్చేసింది. చూసినవారు ఒక్కరూ లేరు. ఎలా చెబుతున్నారని అడిగితే, ‘మాకు అనుమానంగా ఉంది సార్’ అన్నదే అందరి జవాబు. మూడో రోజు కమ్మలు దిండు గలీబులో దొరికాయి. ఆమెను క్షమాపణ అడిగినవారు మాత్రం లేరు.

మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రం చెప్పే ప్రమాణాలు, అంటే సరైన జ్ఞానాన్ని పొందే మార్గాలు, 4: ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం), అనుమానం, ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట). అంటే అనుమానం ప్రమాణం లేని మాట కాదు, అదే ఒక ప్రమాణం. వేసవిలో శేషాచలం కొండ మీద పొగ లేస్తే, మంటను కళ్లారా చూడకపోయినా, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింటి పొయ్యి దగ్గర ఏనాడో తెలుసుకున్నాం కనుక, అక్కడ నిప్పు ఉందని నిశ్చయించుకోవడం అనుమానం. దానికి హేతువు కావాలి. ఆ హేతువు నిలవకపోతే హేత్వాభాసమని, అంటే హేతువులా కనిపించేదే తప్ప హేతువు కాదని, తోసిపుచ్చాలి. ఒక మనిషి పేదరాలు కావడం ఏ దొంగతనానికి హేతువు?

వాడుకలో ఈ మాట శంక అనే అర్థానికి జారిపోయింది; మాటల అర్థాలు మారడం సహజమే, దాని మీద నాకు తగవు లేదు. అయితే ఆధారం లేని ఊహకు ఊహాగానమనే పేరు ఉండగా, దాన్ని అనుమానమని పిలిచి, నిశ్చయానికి ఉండే బరువును దానికి కట్టబెట్టడమే నేను సహించలేకపోతున్నాను. ‘అది మా ఊహాగానం’ అని చెప్పవలసి వచ్చి ఉంటే, ఆ రోజు సగం నోళ్లు మూతపడేవి.

ఆమె ఇప్పుడు మా వీధిలో పనికి రావడం లేదు.