ఒకే తుపాను, రెండు తీర్పులు

పాలీమార్కెట్, కల్షీ అనేవి జరగబోయేదానిపై 'అవును', 'కాదు' టికెట్లు కొని పందెం కాసే అమెరికా సంతలు; మన మాట నిజమైతే టికెట్టుకు డాలరు, కాకపోతే సున్నా. పాలీమార్కెట్‌లో ఒక ప్రశ్నకు 'అవును' 42 సెంట్లు. కల్షీలో అదే ప్రశ్నకు 'కాదు' 53 సెంట్లు. రెండూ కొంటే 95, ఏది నిజమైనా చేతికి డాలరు. ఇంత సులువైన సంపాదన కనిపెట్టిన మేధావులను కోట మండలంలో రొయ్యల గుంట గట్టున సన్మానించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. శాలువా కప్పి, "రొయ్య రేటు 250 దాటుద్దా?" అని అడగాలి. "ఏ కౌంటు నాయనా?" అని అడిగేది పక్కనున్న రైతే. కిలోకి తూగే రొయ్యలు ముప్పయ్యా, నూరా తేలకుండా అక్కడ బేరం మొదలే కాదు.

మేధావిగారు మాత్రం "నెల్లూరు వైపొచ్చేది తీవ్ర తుపాను అవుతుందా?" అన్న ప్రశ్న రెండుచోట్ల కనబడగానే జత కట్టేస్తారు. ఒకచోట తీర్పు మన వాతావరణ శాఖది. వారు గాలిని మూడు నిమిషాల సగటుతో కొలుస్తారు, వేగం 48 నాట్లు (గంటకు సుమారు 89 కి.మీ.) అందుకుంటేనే 'తీవ్ర' అంటారు. రెండోచోట తీర్పు అమెరికా నౌకాదళ కేంద్రానిది, అక్కడ ఒక్క నిమిషం సగటు. అదే గాలికి అంకె కాస్త పెద్దదే వస్తుంది. గాలి ఆ 48 గీత దగ్గర ఆగిందా, ఇక్కడ 'కాదు', అక్కడ 'అవును'. మీరు కొన్నవి సరిగ్గా తిరగబడి ఉంటే రెండూ పోయి 95 సెంట్లూ గంగపాలు. ఇక 'నెల్లూరును తాకుతుందా' అన్నదైతే చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, వాన కుమ్మింది నెల్లూరులోనూ.

గడువు మరో ముచ్చట. డిసెంబర్ 31 రాత్రి 11:59 అని అమెరికా ఈస్టర్న్ టైమ్‌లో రాస్తే, మనకు జనవరి 1 ఉదయం 10:29. మన శాఖ వాన లెక్కకు రోజు ఉదయం ఎనిమిదిన్నరకే మారుతుంది.

రెండు సంతల్లో ఒకేలాంటి ప్రశ్నలు వెతికి జత కట్టే పని యంత్రానికి అప్పగించిన ఘనులూ ఉన్నారు. వాక్యాలను అంకెల వరసలుగా మార్చి పోలిక చూస్తే 'దాటుతుంది', 'దాటదు' కవలల్లా కనిపిస్తాయి. 48కీ 64కీ తేడా దానికి పెద్దగా పట్టదు. అందుకే యంత్రం తెచ్చిన జంటల్లో ముందు చదవాల్సింది శీర్షిక కాదు, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధనలు: ఎవరి లెక్క, ఏ కొలత, ఏ గడియారం, సంగతి తేలకపోతే ఏం చేస్తారు. పాలీమార్కెట్‌లో తగువొస్తే UMA అనే క్రిప్టో టోకెన్లున్నవారు ఓటేసి తేలుస్తారు. 2025లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తొడుక్కున్నది సూటా కాదా అన్నది అలాగే తేల్చారు: కాదట!

ఇవన్నీ కలిసిన జంట దొరికినా అయిదు సెంట్లలోంచి రుసుము తీసేయాలి, తీర్పు వచ్చేదాకా డబ్బు రెండుచోట్లా ఇరుక్కుని ఉంటుంది.