మ.రా.శ్రీ 'ఇన్వెంటరీ ఫైనల్ లేటెస్ట్ 7' గారి సముఖానికి

మ.రా.శ్రీ ఎక్సెల్ షీటు గారికి, చెన్నై అంబత్తూరులోని ఒక డేటా సెంటర్ రెండో అంతస్తు నుంచి రాయునది. ఉభయకుశలోపరి.

మీ క్షేమం గురించి మాకు బెంగ లేదు. డేటా సెంటర్ పరికరాల లెక్క చూసే డీసీఐఎం సాఫ్ట్‌వేర్ కొన్నారు, లైసెన్సులు కట్టారు, ట్రైనింగ్ నాడు వడలు, ఫిల్టర్ కాఫీ కూడా పెట్టించారు. ఇక మీకు శాలువా కప్పి సాగనంపడమే అనుకున్నాం. తీరా చూస్తే ఆ కొత్త కోడలు అన్నం వండాలన్నా బియ్యం డబ్బా తాళాలు మీ కొంగునే ఉన్నాయి. పరికరాల జాబితా ఇంపోర్ట్ చెయ్యాలంటే మీరే దిక్కట.

అసలు మీలో సగం సంగతులు రంగుల్లోనే ఉన్నాయి. పసుపు అంటే వారంటీ అయిపోయింది. ఎరుపు అంటే పీకేశారు. లేత ఎరుపు అంటే పీకేద్దామనుకుని మర్చిపోయారు. మిమ్మల్ని సీఎస్వీగా, అంటే ఉత్త అక్షరాల ఫైలుగా సేవ్ చేసిన మరుక్షణం ఆ రంగులన్నీ హోలీ మర్నాటి స్నానంలా కడుక్కుపోతాయి. ఎప్పుడో తుక్కుకు వేసిన సర్వర్లు లేచొచ్చి యాక్టివ్ అయి కూర్చుంటాయి. రాక్ (సర్వర్లు పేర్చే బీరువా) పేరున్న గడిని అందం కోసం 14 వరుసలకు కలిపి మెర్జ్ చేశారు కదా, ఆ పేరు మొదటి వరుసకే దక్కుతుంది, మిగతా 13 పరికరాలు రోడ్డున పడతాయి. పైగా సీఎస్వీలోకి వెళ్లేది తెరిచి ఉన్న ఒక్క ట్యాబే. 'హాల్ 2' ట్యాబు సంగతి నెల తర్వాత ఎవరికో గుర్తొస్తుంది. అందుకని ముందు రంగు వారీగా ఫిల్టర్ పెట్టి స్టేటస్ అని ఒక కాలమ్ నింపుతున్నాం, మెర్జ్ విప్పి ఖాళీ గడుల్లో రాక్ పేరు కిందిదాకా దింపుతున్నాం. తమరి మేకప్ తుడవడానికే రెండు రోజులు పట్టింది.

సీరియల్ నంబర్ల మీద మీకున్న కక్ష ఏమిటో మాకు అంతుపట్టదు. ముందు సున్నాలుంటే మింగేస్తారు: 00417 కాస్తా 417. అంకెల నడుమ ఒక్క 'ఈ' అక్షరం కనబడితే చాలు, ఇంజనీరింగ్ కాలేజీ గుర్తొచ్చి దాన్ని పది ఘాతంలోకి మార్చేస్తారు. పదిహేను అంకెలు దాటితే తర్వాతవన్నీ సున్నాలే. పేరులో ఏదైనా నెల తగిలితే తేదీ చేస్తారు. ఈ చివరి అలవాటుకు జన్యుశాస్త్రవేత్తలే దండం పెట్టి, 2020లో మార్చ్1 అనే జన్యువు పేరును మార్చ్‌ఎఫ్1 చేసుకున్నారు. మేమెంత? మేం చేసిన మరమ్మతు ఒక్కటే: అంకెలు పడకముందే కాలమ్‌ను టెక్స్ట్ చెయ్యడం. పడ్డాక చేస్తే పోయిన సున్నా తిరిగి రాదు, రాక్ దగ్గరికి వెళ్లి స్టిక్కర్ చదువుకోవాల్సిందే. ఆ స్టిక్కర్ మీద ఆయుధ పూజ నాటి పసుపు, కుంకుమ అంటుకుని స్కానర్ బార్‌కోడ్ పట్టుకోకపోతే ఆ పాపం మాత్రం మీది కాదు, ఒప్పుకుంటాం.

తయారీదారు కాలమ్‌లో ఒకే కంపెనీ హెచ్‌పీ, హెచ్‌పీఈ, హ్యూలెట్ ప్యాకర్డ్ అని మూడు అవతారాల్లో ఉంది. ఆ కంపెనీ 2015 నవంబరులో రెండుగా విడిపోయిందన్నది నిజమే, కానీ మీరు మూడో వాటా కూడా పంచారు. నాలుగో అవతారం మరీ ఘోరం. కంటికి మొదటిదే, చివర్లో మాత్రం కనబడని ఖాళీ. వెబ్ పేజీ నుంచి తెచ్చి అతికించిన ఆ ఖాళీ మామూలుది కాదు, ట్రిమ్ ఫార్ములా కొట్టినా పోదు. అక్షర సంకేతం 160ని వెతికి సబ్‌స్టిట్యూట్‌తో మార్చాలి.

ఇక అసలు తగాదా, యూ పొజిషన్, అంటే పరికరం రాక్‌లో ఏ మెట్టు మీద ఉందో చెప్పే నంబరు. రాక్‌లో ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్ల ఎత్తు, మాది 42 యూ రాక్. మీలో 'యూ నంబర్' అని ఒక్కటే కాలమ్ ఉంది. అది పరికరం పై అంచుదా, కింది అంచుదా? పగటి షిఫ్టు పై అంచు రాసింది, రాత్రి షిఫ్టు కింది అంచు రాసింది, మీరు రెండింటికీ తలూపారు. నెట్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ అడిగేది పరికరం ఆక్రమించిన అతి తక్కువ యూ నంబర్. 10, 11 యూల్లో ఉన్న రెండు యూ సర్వర్‌కు మీరు 11 అని రాస్తే, అది 11, 12లో కూర్చుంటుంది. 12లో ఇంకోటి ఉంటే ఇంపోర్ట్ తన్నేస్తుంది. అలా తన్నితే అదృష్టం. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒకే సీటుకు ఇద్దరొస్తే సర్దుకుని కూర్చుంటారు, రాక్‌లో ఆ సర్దుబాటు లేదు కాబట్టి తప్పు బయటపడుతుంది. 12లో ఉన్నది ఖాళీ మూసే ప్లేటు మాత్రమే అయితే? సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. బొమ్మలో సర్వర్ ఒక మెట్టు పైకి జరిగి హాయిగా ఉంటుంది. ఒక యూ పరికరాలకు పై అంచూ కింది అంచూ ఒకటే కనుక అవన్నీ సరిగ్గానే పడతాయి. శాంపిల్‌గా నాలుగు స్విచ్‌లు చూసి 'అంతా ఓకే' అని మెయిల్ కొట్టేది అందుకే. తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, అర్ధరాత్రి మన బదులు రాక్ దగ్గర చెయ్యి వేసే రిమోట్ హ్యాండ్స్ కుర్రాడికి ఫోన్ చేసి '11వ యూలో మొదలయ్యే సర్వర్ పవర్ తీసెయ్ బాబూ' అన్నప్పుడు.

సవరణ లెక్క చిన్నదే. పై అంచు రాసి ఉంటే, అందులోంచి ఎత్తు తీసి ఒకటి కలపాలి: 11 – 2 + 1 = 10. రాక్ పట్టీ మీద నంబర్లు పైనుంచి కిందికి ఉంటే మరో లెక్క. 42 యూ రాక్‌కు 44లోంచి పై అంచు నంబరు, ఎత్తు రెండూ తీసెయ్యాలి. ఏ వరుసకు ఏ లెక్కో మీకు తెలియదు, రాసినవాళ్లు ఉద్యోగం మారారు. కాబట్టి టార్చి పట్టుకుని రాక్ రాక్‌కూ తిరగడమే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలంటారు, తమరి విషయంలో ప్రతి మెతుకూ పట్టి చూడాలి.

రాక్ వెనక నిలువుగా వేలాడుతూ కరెంటు పంచే పీడీయూలకు కూడా పొజిషన్ ఇచ్చారు, ఊరికే వదలడం ఎందుకని కాబోలు. అవి జీరో యూ, అంటే ఏ మెట్టునూ ఆక్రమించవు. ఆ గడి ఖాళీగా ఉండాలి. చాసిస్ అనే పెట్టెలో దూర్చే బ్లేడ్ సర్వర్లకూ అంతే, యూ నంబర్ చాసిస్‌ది, బ్లేడ్‌కు చాసిస్ పేరు, అందులోని అర (బే) పేరు చాలు.

కరెంటు కాలమ్ చూస్తే మాకే షాక్ కొట్టింది. 800 వాట్ల పవర్ సప్లైలు రెండున్నాయని సర్వర్‌కు 1600 రాశారు. ఒకటి పోతే ఇంకోటి ఆదుకోవడానికండీ ఆ రెండోది! అలాంటివి 20 ఉన్న రాక్‌కు మీ లెక్కన 32 కిలోవాట్లు. ఆ రాక్‌కు వచ్చే ఒక్కో కరెంటు లైను (ఫీడ్) 32 ఆంపియర్లు, 230 వోల్టులు, అంటే 7.36 కిలోవాట్లు. మీ మాట నమ్మితే ఈపాటికి రెండో అంతస్తు కాలి మూడో అంతస్తుకు పొగ వెళ్లాలి. పీడీయూ మీటర్ మాత్రం ఐదు కిలోవాట్ల దగ్గర ప్రశాంతంగా నిలబడి ఉంది. ఆ కాలమ్‌ను ఇంపోర్ట్ నుంచి తీసేశాం, మీటర్ రీడింగే ఎక్కిస్తాం.

ఎక్కించే వరుస కూడా మనవి చేస్తున్నాం, తమరు నొచ్చుకోకుండా. ముందు సైటు, హాలు, రాక్‌లు. తర్వాత తయారీదారులు, మోడళ్లు, రోల్‌లు (ఏ పరికరం ఏ పనికో). ఆపైన పరికరాలు, వాటి వెనక బ్లేడ్లు, అన్నిటికన్నా చివర కేబుళ్లు. మోడల్ లేకుండా పరికరం ఎక్కదు, పెళ్లి కాకుండా శ్రీమంతం చేసినట్టు ఉంటుంది. నెట్‌బాక్స్‌లో ఒకే దెబ్బకు 500 వరుసలు వేసి ఒక్కటి తప్పయితే మిగిలిన 499 కూడా వెనక్కి వస్తాయి. దాన్ని తిట్టుకుంటున్నారు గానీ, సగం ఎక్కి సగం ఆగితే ఏది ఎక్కిందో వెతకడం అంతకన్నా నరకం. ముందు ఒక్క రాక్ వేస్తాం. బొమ్మను, రాక్ ముందు నుంచి తీసిన ఫొటోను పక్కపక్కన పెట్టి చూస్తాం. ఆపైన ఒక్కో వరుస.

ఇంపోర్ట్ అయిన రోజు నుంచి మిమ్మల్ని రీడ్ ఓన్లీ చేస్తాం. సెక్యూరిటీ గేటు దగ్గర గేట్ పాస్ నంబరు సాఫ్ట్‌వేర్‌లో పడితేనే సరుకు లోపలికి రావాలి, బయటికి పోవాలి. పాడైనది కంపెనీకి తిప్పి పంపే ఆర్‌ఎంఏలో బోర్డు మారి సీరియల్ మారినా అక్కడే రాయాలి. మీ కాపీ ఒకటి ఎవరి డెస్క్‌టాప్ మీదో ఉందని మాకు తెలుసు.

చిత్తగించవలెను,
ఇంపోర్ట్ బృందం

తా.క.: 318వ వరుసలో పేరు లేదు, సీరియల్ లేదు. రిమార్క్స్‌లో మాత్రం 'కదపొద్దు' అని ఉంది. వెళ్లి చూశాం. పరికరం ఉంది, పచ్చ లైటు వెలుగుతోంది, మీదున్న స్టిక్కర్‌లోనూ 'కదపొద్దు' అనే ఉంది. ఇంపోర్ట్‌లో రోల్ గడి తప్పనిసరి. ఏం వెయ్యమంటారో సెలవివ్వండి.