పల్లెకు రమ్మంటున్నారు, నడవడానికి డొంక ఏది?

పల్లె పర్యాటకం అనగానే మన ప్రభుత్వాలకు గుర్తొచ్చేది హోమ్‌స్టే, టెంటు, బోటింగ్, ఆపైన రిబ్బన్ కటింగ్. వచ్చిన మనిషి కారు దిగి కాళ్లకు కాస్త పని చెప్పాలనుకుంటే ఎటు వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పరు. పల్లెకు ముందు కావాల్సింది రిసార్ట్ కాదు, డొంక, అంటే పొలాల మధ్య నుంచి పోయే ఊరి బాట. దాన్ని బాగుచేస్తే పెద్ద పెట్టుబడి లేకుండానే జనం వస్తారు. దాన్ని వదిలేసి ఎన్ని కాటేజీలు కట్టినా, వచ్చినవాళ్లు గదిలో ఏసీ వేసుకుని సెల్‌ఫోన్ చూసుకుని వెళ్లిపోతారు.

కృష్ణా జిల్లానే తీసుకోండి. ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉంది. ప్రాచీన భూగోళ శాస్త్రవేత్త టాలెమీ రాసిన రేవు పట్టణం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. పక్కనే శ్రీకాకుళం, అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుడి. కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణదేవరాయలు ఆగిన ఊరు అది. కాస్త పైకి వెళ్తే క్షేత్రయ్య పుట్టిన మొవ్వ, అది దాటితే తానీషా అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునే కూచిపూడి. దాదాపు రెండు వేల ఏళ్ల చరిత్ర, ఓ మాదిరి ఓపిక ఉన్నవాడు ఒకటి రెండు రోజుల్లో నడిచి చూడగలిగినంత దగ్గరగా ఉంది. మధ్యలో అంతా మాగాణి. డిసెంబర్ చివర్లో వెళ్తే వరి దుబ్బుల మధ్య మినుము పచ్చగా లేచి ఉంటుంది. కోతకు ముందే చేలో చల్లేసిన విత్తనం అది, దున్నే పనే లేదు. కాలువ గట్టు మీద నీడ, బోదెల్లో కొంగలు, కళ్లాల్లో ధాన్యం రాశులు. అయితే ఘంటసాల నుంచి కూచిపూడికి పొలాల మీదుగా నడిచి వెళ్లండని ఏ టూర్ ప్యాకేజీ చెబుతుంది? తారు రోడ్డు మీద లారీల పక్కన బిక్కుబిక్కుమంటూ నడవమంటే ఎవరు నడుస్తారు?

ఇప్పుడు ఇంగ్లండ్ సంగతి. అక్కడున్న మన పిల్లలు కాట్స్‌వోల్డ్స్ పల్లెల నుంచి వాట్సాప్‌లో పంపే ఫొటోలు చూసే ఉంటారు. తేనె రంగు రాతి ఇళ్లు, గొర్రెల మంద, సన్నని కాలిబాట. బోర్టన్ ఆన్ ద వాటర్ నుంచి లోయర్ స్లాటర్‌కు మైలు దూరం పచ్చిక మీదుగా నడిచి వెళ్లొచ్చు. కాళ్లలో ఇంకా సత్తువ ఉంటే చిప్పింగ్ క్యాంప్‌డెన్ నుంచి బాత్ నగరం దాకా 102 మైళ్ల దారి ఉంది. ఫొటోలో కనిపించేది అందం. కనిపించనిది చట్టం. 1932 ఏప్రిల్ 24న, నడిచే హక్కు కోసం, కిండర్ స్కౌట్ కొండ మీదకు వందల మంది, ఎక్కువగా ఫ్యాక్టరీ కార్మికులు, యజమానుల కాపలావాళ్లను తోసుకుని ఎక్కారు. ఐదుగురు జైలుకు పోయారు. 1949 చట్టంతో ప్రతి కౌంటీ తన పరిధిలోని కాలిబాటలను మ్యాపు మీద గీసి రికార్డు చేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్ కలిపి నేడు అలాంటి దారులు దాదాపు 1,40,000 మైళ్లు. పొలం రైతుదే, దాని మీదుగా నడిచే హక్కు మాత్రం అందరిదీ. చేను మధ్యలోంచి పోయే బాటను రైతు దున్నుకోవచ్చు, కానీ 14 రోజుల్లో కనీసం మీటరు వెడల్పున మళ్లీ దారి చేసి ఇవ్వాలి. పొలం అంచున పోయే బాటనైతే అసలు దున్నకూడదు.

అక్కడ జనం హక్కు సంపాదించుకున్నది ప్రైవేటు భూమి మీద. మన దగ్గర చాలా చోట్ల డొంక భూమే ప్రభుత్వానిది! కృష్ణా, గుంటూరుల్లో డొంక, గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో నక్షా బాట. పేరు ఏదైనా ఊరి పటంలో గీత ఉంది. చాలా డొంకలకు సొంత సర్వే నంబరే ఉంది, పక్కన పోరంబోకు అని రాసి ఉంది. వాళ్లు కొట్లాడి తెచ్చుకున్నదానికంటే గట్టి హక్కు మనకు కాగితం మీద ఊరికే ఉంది. దాన్ని ఏటా ఒక్కో సాలు చొప్పున పక్క చేలో కలిపేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాం. రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునే దారి, సైకిలు కూడా పట్టని గట్టుగా మారాక, అసలు ఇక్కడ దారే లేదని వాదిస్తారు.

ఎండలో ఎవరు నడుస్తారు, పాములుంటాయి, ప్లాస్టిక్ పారేస్తారు, కాయలు కోసుకుపోతారు అంటారు కొందరు. చెత్త విషయంలో భయం నిజమే, పంచాయతీ గట్టిగా జరిమానా వేయాలి. మిగతావి సాకులు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన పల్లెల్లో ఉదయం పూట నడకకు ఏం ఇబ్బంది? పైగా డొంక లేకపోతే ముందు నష్టపోయేది రైతే. లోపలి పొలానికి కోత మిషన్ వెళ్లాలంటే ముందున్న చేను రైతును బతిమాలుకోవాలి.

అసలు నా కోపం పర్యాటకుడి కోసం కాదు. డొంక పోతే కూలికి వెళ్లేవాళ్లు చుట్టు తిరిగి పోవాలి, గేదెలు తోలుకెళ్లే దారి ఉండదు, కౌలు రైతుకు మోటారు దగ్గరికి వెళ్లడమూ తగువే. శ్మశానానికి దారి లేక దళితవాడ వాళ్లు శవాన్ని రోడ్డు మీద పెట్టి ధర్నా చేశారన్న వార్త చదవనివాళ్లు ఎవరున్నారు? భూమి లేనివాడికి ఊళ్లో మిగిలిన ఏకైక ఆస్తి ఆ దారి. 1951 ఏప్రిల్ 18న భూదానోద్యమ నేత వినోబా భావే పోచంపల్లికి వచ్చింది నడిచే. దళిత కుటుంబాలు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. అదే పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. సంతోషం. మరి వినోబా నడిచిన లాంటి బాటల మాటేమిటి?

పాదయాత్ర చేసినవాళ్లు ముఖ్యమంత్రులయ్యే నేల ఇది. 2003లో వైఎస్, తర్వాత చంద్రబాబు, ఆ తర్వాత జగన్. అందరూ వందలు, వేల కిలోమీటర్లు నడిచారు, అదీ ఎక్కువగా తారు రోడ్డు మీద, కాన్వాయ్ ముందు. డొంకలో దిగి ఉంటే కనీసం ఒక హామీ అయినా పుట్టేది.

ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించే పథకం తయారు చేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలోనే జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆంధ్రాలో 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలైంది, తెలంగాణలో భూ రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది. సర్వే రాయి మీద ఎవరి బొమ్మ ఉండాలని ఎంత రచ్చ జరిగింది! ఆ రాయికీ పక్క రాయికీ మధ్య ఉండాల్సిన డొంక ఏమైందని ఎవరైనా అసెంబ్లీలో గొంతు చించుకున్నారా?

డ్రోన్లు ఉన్నాయి, భూమి కొలిచే రోవర్లు ఉన్నాయి, పాత ఎఫ్ఎంబీలు, అంటే పొలాల కొలతల పటాలు, బీరువాల్లో ఉన్నాయి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కార్లు ఎలాగూ దిగుతాయి. ఆలోగా జిల్లాకు ఒక్క మండలంలో డొంకలన్నీ కొలిచి, రెండు వైపులా రాళ్లు పాతి, ఆక్రమించినవాళ్లకు నోటీసులు ఇవ్వమనండి. ఆ నోటీసుల మీద ఏ పార్టీల, ఏ ఇళ్ల పేర్లు ఉంటాయో చూస్తే చాలు, ఇన్నాళ్లూ ఆ కొలత ఎందుకు పడలేదో తెలిసిపోతుంది.